నలభై ఒక్క సీసాలు

బడంగ్‌పేటలో మా కాలనీ మూలమీద ఉన్న మటన్ దుకాణానికి కొత్తగా రంపం మిషను వచ్చింది. అద్దాల తలుపు, లోపల ఏసీ, గోడమీద నవ్వుతున్న మేక బొమ్మ. తనను కోసే దుకాణానికి మేక ఎందుకు నవ్వుతూ ప్రచారం చేస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, ఆ సంగతి వదిలేద్దాం. నా ఫిర్యాదు మిషను మీద. తలకాయను ఆ పళ్ళ చక్రం దగ్గర పెట్టి ఒక్క తోపు తోస్తాడు. రెండు క్షణాల్లో తల నిలువునా రెండు చెక్కలవుతుంది. లోపలి మెదడు కూడా, అదే భేజా, రెండవుతుంది. సగం ఈ చెక్కకూ సగం ఆ చెక్కకూ అంటుకుని, పైన ఎముక పొడి తడి సున్నంలా పూసుకుని ఉంటుంది. "భేజా నిండుగ తీసియ్యరాదె" అని అడిగితే దుకాణదారు నన్ను జాలిగా చూశాడు. "నిండుగ ఎట్లొస్తది సార్, లోపట ఇరికి ఉంటది గద" అన్నాడు. వస్తుంది. నా కళ్ళతో చూశాను. కాని ఏసీ పెట్టుకున్న మనిషితో వాదించడం కష్టం.

ఆ రంపం కింద కాలిన ఎముక వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు ప్రొఫెసర్ హైమవతి మేడం గుర్తొస్తారు. మెదడు మీద ముప్ఫై ఏళ్ళు పరిశోధన చేసిన మనిషిని మటన్ దుకాణంలో తలుచుకోవడం మర్యాద కాదని తెలుసు. ఆమెకు మర్యాదల పట్టింపు తక్కువ. పైగా మర్యాదగా తలుచుకోవాలనుకునేవాళ్ళకు వేరే ఏర్పాటు జరిగింది. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం పోయే దారిలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆమె ఐడీ కార్డు ఫొటోను మంచమంత చేసి, పక్కన మా పాత కాలేజీ చైర్మన్ గారు చేతులు జోడించిన ఫొటోను అంతకంటే కొంచెం పెద్దది చేశారు. 'మా కళాశాల కీర్తికిరీటం ప్రొఫెసర్ హైమవతి గారి స్మారక మెదడు పరిశోధన కేంద్రం' అని రాయించారు. ఆ కేంద్రాన్ని నేను వెళ్ళి చూశాను. ఏసీ ఉంది, గోడకు టీవీ ఉంది, గుండ్రంగా తిరిగే కుర్చీలు ఉన్నాయి. మెదడు ఒక్కటీ లేదు. కీర్తికిరీటం ఆ కాలేజీలో ఉన్నది రెండేళ్ళ లోపే. ఎలా వెళ్ళిపోయిందో రాయడానికి ఫ్లెక్సీలో చోటు చాలలేదనుకుంటాను. చేతులు జోడించడానికే చాలా చోటు పోయింది. అందుకని మిగిలిన భాగం నేను రాస్తున్నాను.

అప్పటికి రింగురోడ్డు కాగితం మీదే ఉంది. అయినా అది పోతుందని ఎవరైనా వేలు చూపించిన ప్రతి చేనులోనూ తెల్లరాళ్ళు మొలిచేవి. తుక్కుగూడ నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఎవరిని పలకరించినా గజాల్లో మాట్లాడేవారు. జొన్న పండిన చోట ఇంజనీరింగ్ కాలేజీలు పండడం మొదలైంది. మా చైర్మన్ గారు మొదట బోర్లు వేశారు, తర్వాత వెంచర్లు వేశారు, చివరికి కాలేజీ వేశారు. మా బాపుకు ఆయన పాత దోస్తు. మాది మహేశ్వరం పక్క ఊరు. నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి ఇంట్లో కూర్చుని పేపరు చదువుతుంటే బాపు ఒక్క ఫోన్ చేశాడు, మర్నాటికి నేను అసిస్టెంట్ లెక్చరర్‌ని. ఇంజనీరింగ్ కాలేజీలో జంతుశాస్త్రం ఏమిటని ఎవరూ అడగలేదు. బయోమెడికల్ అని కొత్త బ్రాంచి వచ్చింది, నా సర్టిఫికెట్లో కూడా ఎక్కడో జీవం గురించి ఉండి ఉంటుందని అనుకున్నారు.

ఆ బ్రాంచికి ఒక పెద్ద పేరు కావలసి వచ్చింది. మేడం అప్పుడే నగరంలోని ఒక పరిశోధన సంస్థ నుంచి రిటైరయ్యారు. రేపల్లె వైపు మనిషి. వైద్యం చదివి, రోగులను చూడడం మానేసి, చిన్నమెదడు దగ్గర ఆగిపోయారు. తల వెనక, మెడకు కాస్త పైన, క్యాలీఫ్లవర్ రెబ్బలా ఉండే భాగం అది. నడవడం, సైకిలు తొక్కడం, దోసె తిరగెయ్యడం అన్నీ అదే చూసుకుంటుందట. అది చేసే అసలు పని తప్పు దిద్దుకోవడం అనేవారు మేడం. గ్లాసు కోసం చాచిన చెయ్యి గ్లాసును దాటిపోతే, ఎంత దాటిందో గుర్తుపెట్టుకుని రెండోసారి సరిచేస్తుంది. తప్పుకూ దిద్దుబాటుకూ మధ్య ఎంత ఆలస్యం ఉంటుంది, ఆ ఆలస్యంలో లోపల ఏం జరుగుతుంది అన్నదే ఆమె జీవితకాలపు ప్రశ్న. చైర్మన్ గారు అడిగింది ఆమె పేరు. ఆమె అడిగింది ఒక గది. యాచారం నుంచీ మంచాల నుంచీ వచ్చే పిల్లలు నిజమైన మెదడును ఒక్కసారైనా చేత్తో పట్టుకోవాలన్నది ఆమె షరతు. "గది ఎంతసేపు మేడం" అన్నారు చైర్మన్ గారు. గదుల విషయంలో ఆయన ఎప్పుడూ ఉదారుడే.

మొదటి రోజు ట్రాలీ ఆటోలో నలభై ఒక్క గాజు సీసాలు వచ్చాయి. మూతలు బిగించిన పచ్చడి సీసాలు. ఒక్కో దానిలో ఫార్మాలిన్ అనే మందునీళ్ళు, అందులో ఒక్కో మెదడు. మూత తీస్తే కళ్ళు మండి నీళ్ళు కారేవి. ప్రతి సీసాకూ ఆమె చేతిరాతతో ఒక చీటీ. 'కాకి. రేపల్లె స్టేషను. కరెంటు తీగ.' 'గబ్బిలం. హాస్టలు వరండా. తనంతట తనే.' 'గేదె. చిన్నాన్నగారిది. పేరు గౌరి.' వయసు, తేదీ, బరువు వెనకవైపు ఉండేవి. ముందువైపు మాత్రం ఎవరు, ఎక్కడ, ఎలా పోయారు. బతికున్నవాళ్ళ గురించి మా కాలేజీ రిజిస్టర్లలో ఇంత సమాచారం ఉండేది కాదు.

సీసాలు దింపించి, చైర్మన్ గారి గదిలో కాఫీ తాగుతూ ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఇక్కడ తలకాయలు ఎవరు బాగా కొడతారండీ?"

చైర్మన్ గారు కప్పు కింద పెట్టారు. వెంచర్ల రోజులన్నీ ఒక్కసారి ఆయన ముఖంలో కనిపించాయి. కిటికీ తుడుస్తున్న యాదమ్మ మాత్రం వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చింది.

"మా తమ్ముడు కొడ్తడు మేడం. బస్టాండ్ కాడ మటన్ దుకాణం మాది. నాకు గూడ వస్తది."

యాదమ్మ మా అంతస్తు ఊడ్చే మనిషి. అప్పటికి నలభై ఉంటాయేమో. ఆ మర్నాడు స్టీలు టిఫిన్ డబ్బాలో మేక తల తెచ్చింది. మేడం తన పెట్టెలోంచి జర్మనీలో కొన్న కత్తెరలూ, చిన్న ఉలీ తీసి బల్లమీద పరిచారు. యాదమ్మ వాటిని చూసి, "ముద్దుగున్నయ్ మేడం" అని పక్కకు జరిపి, నడుముకు దోపుకున్న కత్తి తీసింది.

"అందరు మీదికెల్లి కొడ్తరు. గట్ల కొడ్తె లోపటిది చితుకుతది. మెడ దిక్కుకెల్లి రావాలె. తాళం ఎనుక ఉంటది."

పది నిమిషాల తర్వాత మెదడు మొత్తం, వెనక వేలాడే చిన్నమెదడుతో సహా, ఎక్కడా గీత పడకుండా ఆమె అరచేతిలో కూర్చుంది. మేడం కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ముప్ఫై ఏళ్ళుగా నాకు ఈ వెనక కొస తెగుతోంది యాదమ్మా. ఇంకోసారి చూపించు."

"ఇంకోసారంటె ఇంకో తలకాయ కావాలె మేడం. దీనికి ఒక్కటే ఉంటది."

పిల్లలకోసం మేడం రాసిన ప్రయోగాల పుస్తకంలో మొదటి పాఠం మెదడు తీయడం. దానికింద 'పద్ధతి: యాదమ్మ' అని అచ్చయింది. చైర్మన్ గారు పుస్తకం పట్టుకుని మా గదికే వచ్చారు. "ఊడ్చేటామె పేరు పుస్తకంల ఎట్లేస్తం మేడం? రేపు కమిటీవాళ్ళు చూస్తె నవ్వుతరు."

"నవ్వనివ్వండి. పద్ధతి ఆవిడది. అక్కడ నా పేరు పెట్టుకుంటే దాన్ని మా వైపు దొంగతనం అంటారు."

"మా దిక్కు గూడ గంతే అంటరు" అన్నారు చైర్మన్ గారు. ఈ ఒక్క విషయంలో ప్రాంతీయ భేదాలు లేవని తేలింది. పుస్తకం అలాగే ఉంది. ఇప్పుడు ఆ స్మారక కేంద్రంలో అద్దాల బీరువాలో కొత్త ముద్రణ పెట్టారు. మొదటి పాఠం కింద 'పద్ధతి' అని ఉంది. తర్వాత ఖాళీ.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నదంతా చెప్పాలంటే మౌఖిక పరీక్షల దగ్గర మొదలుపెట్టాలి. పరీక్షంటే మాకు తెలిసింది ఒకటే: ప్రశ్న అడగడం, విద్యార్థి బిక్కమొహం వెయ్యడం, జవాబు మేమే చెప్పి మార్కులు మేమే వెయ్యడం. ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. మేడం ప్రశ్న అడిగి ఊరుకునేవారు. ఊరికే కాదు, పూర్తిగా ఊరుకునేవారు. పెన్ను కదిపేవారు కాదు, గడియారం చూసేవారు కాదు. యాచారం నుంచి వచ్చిన ఒక అమ్మాయి, తెలుగు మీడియం, మొదటి ప్రశ్నకే శిలలా నిలబడిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. నేను ఉండబట్టలేక మొదటి అక్షరం అందించబోయాను. బల్ల కింద మేడం చెప్పు నా పాదం మీద పడింది, పడి అక్కడే ఉంది. ఎంతసేపో తెలియదు, నా కాలు తిమ్మిరెక్కింది. ఆ అమ్మాయి నేలచూపులు మాని, గోడవైపు తిరిగి, గాల్లో వేలితో బొమ్మ గీస్తూ మొత్తం జవాబు చెప్పింది. మధ్యలో ఒక తప్పు చెప్పి, ఆగి, తనే దిద్దుకుంది.

"చూశావా, దిద్దుకుంది" అన్నారు మేడం, ఆ పిల్ల వెళ్ళాక. "ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడమే అబ్బాయ్ పరిశోధనంటే. జవాబు లోపల బయల్దేరే ఉంటుంది. మనం తొందరపడి ఎదురెళితే అక్కడే ఆగిపోతుంది."

ఆమె ఆసక్తులకు హద్దు లేదు. హార్మోనియం మెట్లు విప్పి బాగుచేసేవారు, వాయించడం మాత్రం రాదు. క్రికెట్ వ్యాఖ్యానం రేడియోలో వింటూ స్కోరు పుస్తకం రాసేవారు, ఎవరు గెలిచారో పట్టించుకునేవారు కాదు. కాలేజీ కారు పంపిస్తామంటే వద్దని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చేవారు, కారులో పరిశోధన కుదరదని. ఆ బస్సులో ఒక కండక్టరు ఉండేవాడు. కాలు పెట్టే సందులేని బస్సులో టికెట్ తీసుకోనివాణ్ణి గుంపులోంచి వేలు పెట్టి చూపించేవాడు. మేడం నెల్లాళ్ళు అతన్ని వదల్లేదు. సీట్లు మారి కూర్చున్నారు, తల నిండా కొంగు కప్పుకున్నారు, ఒకరోజు టికెట్ తీసుకోకుండా వెనకమెట్ల దగ్గర నిలబడ్డారు. అతను తిన్నగా వచ్చి చెయ్యి చాపాడు. ఇంతమంది ముఖాలు ఎలా గుర్తుంటాయని అడిగారు.

"ముఖాలు నాకేం యాదికుంటయ్ మేడం" అన్నాడట. "టికెట్ తీసుకోనోని మెడ వేరే ఉంటది. గట్టిగ పెడ్తడు, కిటికీ దిక్కు చూస్తడు. తప్పు చేసినోడు కిటికీ దిక్కే చూస్తడు."

ఈ ముక్క ఆమె నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాసుకుని నాకు చదివి వినిపించారు. నేను చాలా నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పుడు గుర్తు లేదు.

ఇక కమిటీ సంగతి. ఏటేటా కాలేజీకి గుర్తింపు కొనసాగించడానికి తనిఖీ కమిటీ వచ్చేది. వాళ్ళకు చూపించడానికి ఎన్ని ల్యాబులు ఉండాలో కాగితంలో రాసి ఉంటుంది. అన్ని గదులు ఉండవు. కాని బోర్డులు ఉండేవి. ఒక్క తలుపుకు ఒక్క మేకు, మేకుకు తగిలించే బోర్డులు మూడు. కమిటీ కింది అంతస్తులో టీ తాగుతున్నప్పుడు ఆ గది భాషా ప్రయోగశాల, జీడిపప్పు తింటున్నప్పుడు మెదడు ప్రయోగశాల. బోర్డులు మార్చే బాధ్యత నాది. దానికి ఎమ్మెస్సీ చదివినవాడే కావాలని చైర్మన్ గారి అభిప్రాయం. నేను మేకును చూసి సిగ్గుపడినట్టు మీకు చెప్పగలిగితే బాగుండేది. నిజానికి నేను ఆ పని చాలా వేగంగా చేసేవాణ్ణి. మొదటి ఏడు మేడం ఆ బోర్డు చేత్తో పట్టుకుని రెండువైపులా తిప్పి చూసి, "రెండోవైపు ఖాళీగా ఉందే, అటు కూడా ఏదైనా రాయించండి" అన్నారు. అంతకంటే కోపంగా ఆమె మాట్లాడడం నేను వినలేదు.

రెండో ఏడు వేసవిలో ఆమెకు కంటి ఆపరేషన్ జరిగింది. మూడు వారాలు సెలవు. అదే సమయంలో కమిటీ తేదీ వచ్చింది. చైర్మన్ గారు నన్ను పిలిచారు. "పోయినసారి కమిటీ పెద్దాయనకు మీ గదిల కండ్లల్ల నీళ్ళొచ్చినయ్ బిడ్డా. ఈసారి వాసన రావద్దు. సీసలన్ని అద్దం లెక్క మెరవాలె. ఏం జేస్తవో నాకు తెల్వది." ఏం చెయ్యాలో తెలియనిది ఆయనకు కాదు, నాకు. నేను యాదమ్మతో చెప్పాను, ఆ మందునీళ్ళు తీసేసి మంచినీళ్ళు పొయ్యమని.

ఆమె చీపురు పక్కన పెట్టింది. "మందు తీస్తె ఖరాబైతయేమో సార్?"

"రెండు దినాలకు ఏం గాదు. వాళ్ళు పోయినంక మళ్ళ పోద్దం."

"మేడంకు జెప్పద్దా?"

"నేను చెప్త గని నువ్వు కానియ్యి."

"పాత మందు డబ్బల పోసి పెడ్త మరి."

"వాసనొస్తది. పారబొయ్యి."

ఇవి నా మాటలు. ఇన్నేళ్ళలో వీటిని ఎవరికీ ఇంత వరసగా చెప్పలేదు కనుక ఇక్కడ ఒక్క అక్షరం తగ్గించకుండా రాశాను. యాదమ్మ ఆ రోజంతా కూర్చుని నలభై ఒక్క సీసాలూ కడిగి, చీటీలు తడవకుండా విడిగా తీసి మళ్ళీ అతికించి, మంచినీళ్ళు నింపింది. ఎండ పడితే గది మెరిసిపోయింది. కమిటీ రెండు రోజుల్లో రాలేదు. వాయిదా పడి, మళ్ళీ వాయిదా పడి, పన్నెండో రోజు వచ్చింది. పైన రేకులు, బయట ఏప్రిల్. కొత్త మందు బీరువాలో ఉంది, తాళం మేడం దగ్గర ఉంది. ఫోన్ చేస్తే ఎందుకో చెప్పాలి. రేపు చేద్దామని రోజూ అనుకున్నాను. కమిటీ పెద్దాయన గది గుమ్మం దగ్గరే ముక్కు మూసుకున్నాడు. ఈసారి మందు వాసన కాదు. సీసాల్లో నీళ్ళు పాలలా విరిగి, మెదళ్ళమీద తెల్లటి బూజు పట్టి ఉంది. గబ్బిలం కరిగిపోయింది. గౌరి ముట్టుకుంటే మగ్గిన అరటిపండులా వేలికి వచ్చింది. కమిటీ తన కాగితం మీద 'అపరిశుభ్రత' అని రాసింది. ఒకే గదికి మూడు బోర్డులు ఉండడం గురించి ఏమీ రాయలేదు.

మేడం నల్లకళ్ళద్దాలతో వచ్చారు. సీసాలను వరసగా చూసుకుంటూ పోయి కాకి దగ్గర ఆగారు. మూత తీసి వాసన చూశారు. ఏడుస్తారనుకున్నాను. "నీళ్ళు" అన్నారు, అంతే. నా వైపు తిరిగారు.

"యాదమ్మ మార్చిందంట మేడం" అన్నాను.

చైర్మన్ గారి గదిలో ఆ మధ్యాహ్నం నలుగురం ఉన్నాం. కమిటీకి జవాబు రాయాలి, జవాబులో ఒక పేరుండాలి. ఆయన యాదమ్మను నిలబెట్టి అడిగారు.

"నీళ్ళు ఎవరు వోసిన్రు?"

"నేనే సార్."

"ఎవరన్న చెప్పిన్రా, నీ అంతల నువ్వే వోసినవా?"

యాదమ్మ నా వైపు చూసింది. చాలాసేపేమీ కాదు. నేను కిటికీలోంచి బస్సుల షెడ్డు చూస్తున్నాను. అందులో చూడాల్సింది ఏమీ లేదు.

"ఎవ్వరు చెప్పలే సార్."

ఆమెను అక్కడికక్కడే తీసేశారు. మేడం సంతకం కోసం ఫిర్యాదు కాగితం ముందే టైపు చేసి ఉంచారు. విలువైన శాస్త్రీయ సంపదను నిర్లక్ష్యంతో నాశనం చేసిన ఆయా అని మంచి భాషలో రాసి ఉంది. ఆ సంపదను ఊరకుక్కల బెడదలా చూసిన కాలేజీకి ఆ పూట అది ఎంత ప్రియమైపోయిందో చూస్తే నాకే ముచ్చటేసింది. మేడం కాగితం చదివి మడిచి బల్లమీద పెట్టారు.

"సీసాలు నావి. ఫిర్యాదు చెయ్యాల్సింది నేను. చెయ్యట్లేదు."

"ఊడ్చేటామె కోసం ఇంతెందుకు మేడం. మీకు ఇంకో పది సీసలు తెప్పిస్త."

"మీ కాలేజీలో మెదడు తియ్యడం వచ్చింది ఆవిడకొక్కదానికే అండీ. ఆవిడ లేకపోతే నాకిక్కడ పనేముంది?"

ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు. సీసాలు తీసుకెళ్ళలేదు. గేటు బయట బస్సుకోసం నిలబడినప్పుడు నేను ఆమె సంచి పట్టుకుని పక్కన ఉన్నాను. నల్లకళ్ళద్దాల వెనక ఎటు చూస్తున్నారో తెలియలేదు. "నాకేమైనా చెప్పాలా అబ్బాయ్?" అన్నారు. "ఏం లేదు మేడం" అన్నాను. ఆమె తల ఊపి ఊరుకున్నారు. ఒక బస్సు వచ్చింది, ఎక్కలేదు. రెండో బస్సు వచ్చింది, ఎక్కలేదు. మూడోది ఎక్కారు. రద్దీగా ఉన్నాయేమో అనుకున్నాను. రెండూ ఖాళీగానే ఉన్నాయి.

తర్వాత ఏం చేశారో నాకు విన్నదే తప్ప చూసింది లేదు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ప్రభుత్వ బడులకు తిరిగారట. చేతిలో టిఫిన్ డబ్బా, అందులో మేక తల, పక్కన కత్తి దోపుకుని యాదమ్మ. మేడం పాఠం చెబితే యాదమ్మ తీసి చూపించేది. మేడం మోకాళ్ళు ఒప్పుకున్నన్నాళ్ళు అలా ఎన్ని బడులు తిరిగారో, ఎంతమంది పిల్లలు మెదడు చేత్తో పట్టుకున్నారో ఎవరూ రాసి పెట్టలేదు. కాలేజీలో ఉన్నన్నాళ్ళూ మేడం చెయ్యలేకపోయిన పని కాలేజీ లేకుండా జరిగింది. ఫ్లెక్సీ మీద రాయాలంటే ఇది రాయాలి. ఒక్క గది కూడా లేని పరిశోధన కేంద్రం కాబట్టి ఎవరికీ కనబడి ఉండదు.

నాకు మాత్రం ఏడాదికి రెండుమూడుసార్లు ఫోన్ చేసేవారు. నేను అక్కడ మానేసి ఇంకో కాలేజీలో చేరాను, తర్వాత శాఖాధిపతినయ్యాను, అన్నిటికీ సంతోషించారు. చివర్లో ప్రతిసారీ ఒకే ప్రశ్న, "ఇంకేంటి అబ్బాయ్?" అడిగి ఊరుకునేవారు. అవతల ఊపిరి కూడా వినిపించేది కాదు. సిగ్నల్ పోయిందనుకుని నేను పెట్టేసేవాణ్ణి.

పోయిన చలికాలంలో ఆమె పోయారు. నెల తిరగకుండా ఫ్లెక్సీ లేచింది. కేంద్రం చూసి వచ్చిన రోజు నా ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఇబ్రహీంపట్నం బస్టాండ్ దగ్గర బస్సు దిగి యాదమ్మ దుకాణానికి వెళ్ళాను. తమ్ముడి తర్వాత దుకాణం ఆమే చూసుకుంటోంది. మిషను లేదు, ఏసీ లేదు, గోడమీద మేక నవ్వడం లేదు. తెల్లజుట్టు ముడేసుకుని మొద్దు ముందు కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి, స్టూలు చూపించింది. నేను కూర్చుని చైర్మన్ గారిని, ఫ్లెక్సీని, తిరిగే కుర్చీలను, ఖాళీ వదిలేసిన ఆమె పేరును, అన్నిటినీ తిట్టాను. బాగానే తిట్టాను. కొన్ని వాక్యాలు ఈ వ్యాసంలోకి కూడా వచ్చాయి. యాదమ్మ విన్నది. వింటూనే ఒక తల ముందుకు లాక్కుని మెడవైపు నుంచి కత్తి పెట్టింది.

నా పర్సులో ఒక చీటీ ఉంటుంది. 'కాకి. రేపల్లె స్టేషను. కరెంటు తీగ.' మేడం వెళ్ళిపోయిన రోజు సీసా మీంచి నేనే ఊడదీసుకున్నాను. తరగతిలో ప్రశ్న అడిగాక నేను కూడా ఊరుకుంటాను. అడిగి మొద్దులా కూచుంటాడని పిల్లలు నన్ను ఎగతాళి చేస్తారు. ఆమె దగ్గర నేర్చుకున్న విద్య అదొక్కటే నాతో ఉంది, దాన్ని ఎదుటివాళ్ళ మీద చాలా శ్రద్ధగా ప్రయోగిస్తాను. ఆ చీటీ తీసి యాదమ్మకు చూపించాను. ఆమె చేతులు కడుక్కోలేదు కనుక ముట్టుకోకుండా వంగి చూసింది.

"మేడంకు ఎరుకనే సార్" అంది.

"ఏం ఎరుక?"

"నీళ్ళు వొయ్యమన్నది నువ్వని. ఆ దినం పొద్దుమూకంగ ఈడ బస్సు దిగి నా కాడికొచ్చింది. నేను చెప్పిన. ఆమె తోని అబద్ధం ఆడబుద్ధి గాలె."

"ఏమన్నది?"

"ఏమంటది. ఆయనే చెప్తడు యాదమ్మ, నువ్వు అడగకు, నేను గూడ అడగ అన్నది."

భేజా నిండుగా ఆమె అరచేతిలోకి వచ్చింది. వెనక కొస తెగలేదు. ఆకులో పెట్టి, పైన కాగితం చుట్టి, దారం కట్టి నా ముందు పెట్టింది. నేను తీసుకోలేదు. ఆమె కత్తి తుడుచుకుంటూ కాసేపు చూసింది.

"మస్తు టైం ఇచ్చింది సార్ నీకు" అంది.